అతిమూత్రము - మూలికలు

దీర్ఘరోగముతో బాధపడుచున్న యొక వృద్ధుడు రాత్రి నాలుగైదు మారులు మూత్రమునకై నిద్ర లేచుచుండును. తెల్లవారుసరికి నీరసించి పోవును. పలుకరింప వచ్చిన బంధువులలో ఒకరు నేరేడు గింజల పొడి మంచిదందురు. వేఱొకరు పల్లేరు కషాయము త్రాగుమందురు. మూడవవారు పొడపత్రి ఆకు నమలుమని చెప్పుదురు. ముగ్గురును మంచి మనస్సుతో చెప్పినవారే. ఆ మూడును మన పల్లెలలో దొరకు మూలికలే. కాని ఆ వృద్ధుడు ఎందులకు లేచుచున్నాడను ప్రశ్నను మాత్రము ఎవరును వేయలేదు.

తఱచుగా మూత్రము పోవుట ఒక రోగమునకు పేరు కాదు. పెక్కు రోగములకు అది గుర్తు. ఇంటి గంట మ్రోగినప్పుడు వచ్చినది ఎవరో చూడక గంటకు గుడ్డ చుట్టినచో శబ్దము ఆగును గాని వచ్చినవాడు పోడు. మూలికల గుణదోషములను విచారించుటకు ముందు ఆ గంట ఎట్లు మ్రోగునో తెలిసికొనవలెను.

మూత్రపిండముల పని

వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడు గింజల ఆకారముతో రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల నెఫ్రానులు ఉండును. నెఫ్రాను అనగా రక్తమును వడగట్టు జల్లెడయు, దానికి తగిలించిన సన్నని గొట్టమును. ఈ జల్లెడల గుండా రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడియును. అదంతయు బయటకు పోయినచో మనుష్యుడు ఒక్క పూటయైనను బ్రదుకజాలడు. గొట్టములు ఈ ద్రవములో నుండి నీటిని, చక్కెరను, లవణములను తిరిగి పీల్చి రక్తమునకు అప్పగించును. మిగిలిన ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా వెలువడును.

ఈ మూత్రము మూత్రాశయమను సంచిలో నిలువ యుండును. పెద్దవారిలో ఈ సంచి 300 మొదలు 500 మిల్లీలీటర్ల వఱకు పట్టును. అందుచేత ఆరోగ్యవంతుడు పగటివేళ ఆరేడు మారులు పోవుట సహజము.

ఎక్కువ మూత్రమా, ఎక్కువ మారులా?

ఇక్కడ రెండు సంగతులను వేఱుచేయవలెను. కొందఱిలో మూత్రమే అధికముగా తయారగును. పెద్దవారిలో రోజునకు 3 లీటర్లు మించినచో దీనిని అతిమూత్రమందురు. మధుమేహము ఇందుకు ముఖ్యకారణము. మఱికొందఱిలో మూత్రము మామూలుగనే తయారగును గాని, సంచి దానిని నిలుపజాలదు, లేక పూర్తిగా ఖాళీ కాజాలదు. వయసు మీరిన పురుషులలో మూత్రనాళమును చుట్టియుండు ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారిని ఇరుకు చేయును. మూత్రమార్గమున సూక్ష్మజీవులు చేరినచో మంటతో చుక్కచుక్కగా పలుమారులు వచ్చును.

రాత్రివేళ మాత్రమే లేచువారు వేఱొక తెగ. గుండె బలహీనమైనవారికి పగలు కాళ్ళలో నీరు చేరును. పడుకొనగానే ఆ నీరు రక్తములోనికి మరలివచ్చి మూత్రమగును. రక్తపుపోటునకు ఇచ్చు కొన్ని మాత్రలును మూత్రమును పెంచును.

వీనిని గుర్తించుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. కొలత గీతలున్న యొక గ్లాసు, ఒక నోటుపుస్తకము చాలును. మూడు దినములు ఎప్పుడెప్పుడు, ఎంతెంత మూత్రము వచ్చినదో వ్రాసికొని, త్రాగిన నీటిని కూడ గుర్తించినచో రోగి బాధ ఏ తెగకు చెందినదో చాలవఱకు బయటపడును. ఒక్కొక్క మారు 400 మిల్లీలీటర్లు పోవువాని కథ వేఱు, 60 మిల్లీలీటర్లు పోవువాని కథ వేఱు. వైద్యులు ఈ పట్టికను ఎంతయో విలువైనదిగా ఎంచుదురు.

చక్కెర నీటిని లాగుకొనిపోవు విధము

ఊరగాయకై తరిగిన నిమ్మకాయ ముక్కలపై ఉప్పు చల్లి ఉంచినచో కొంతసేపటికి ఊట ఊరును. ఉప్పు కణములలోని నీటిని బయటకు లాగును. దీనినే శాస్త్రజ్ఞులు ద్రవాభిసరణమందురు. మధుమేహరోగి మూత్రపిండములో ఉప్పు చేయు పనిని చక్కెర చేయును.

ఆరోగ్యవంతునిలో వడిసిన చక్కెరయంతయు గొట్టములలో తిరిగి పీల్చబడును. కాని 100 మిల్లీలీటర్ల రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు మించినప్పుడు గొట్టములకు ఆ పని శక్తికి మించినదగును. మిగిలిపోయిన చక్కెర తన చుట్టును నీటిని నిలుపుకొని దానితో కలిసి బయటపడును. రోగి ఎక్కువగా మూత్రము పోవును. అందువలన దాహము పెరుగును. దాహము వలన నీరు ఎక్కువగా త్రాగును. నీరు ఎక్కువ త్రాగినందున మూత్రము వచ్చుచున్నదని తలచి కొందఱు నీటిని మానుదురు. ఇది ప్రమాదకరము. మూత్రము పోవుచుండగా నీరు మానినచో దేహము ఎండిపోవును.

ఈ సంగతిని ప్రాచీనులు నాలుకతోను, చీమలతోను కనుగొనిరి. మన ఆయుర్వేద గ్రంథములు మూత్రసంబంధములైన ప్రమేహములను 20 రకములుగా విభజించి, తేనెవలె తియ్యనైన మూత్రము గల దానికి మధుమేహమని పేరిడినవి. అట్టి మూత్రమునకు చీమలు పట్టుటను కూడ వారు గుర్తించిరి. క్రీ. శ. 2వ శతాబ్దమున గ్రీకు వైద్యుడు అరెటియస్ ఈ రోగములో మాంసము కరగి మూత్రముగా పోవుచున్నట్లుండునని వర్ణించెను. 1674లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ ఆ మూత్రము తియ్యగా ఉండునని వ్రాసెను. 1776లో మాథ్యూ డాబ్సన్ దానిని ఆవిరిచేసి, మిగిలిన తెల్లని పదార్థము చక్కెరయేనని, రక్తములో కూడ అట్టి తీపి కలదని చూపెను. అనగా తప్పు మూత్రపిండముల యందు కాదు, రక్తములోని చక్కెర యందు కలదని తేలెను.

మన మూలికలు

ఇట్టి రోగికి మన దేశమున అనేక మూలికలను వాడుచు వచ్చిరి. వానిలో కొన్నిటిని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి.

మెంతులు ముఖ్యమైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1990లో ఒక పరిశోధనను ప్రకటించిరి. మధుమేహరోగులకు నూనె తీసిన మెంతిపిండిని రోజునకు 100 గ్రాముల చొప్పున రెండు పూటల ఆహారములో కలిపి 10 దినములు పెట్టిరి. 24 గంటల మూత్రములో పోవు చక్కెర 54 శాతము తగ్గినది. మెంతులలోని జిగురు పీచు ప్రేగులలో చక్కెర రక్తమున చేరు వేగమును తగ్గించును. అయితే 100 గ్రాములకును, పోపులో వేయు అరచెంచాకును గల భేదమును మఱవరాదు. అంతియే కాక, అది ఆహారముతో కూడిన సాయమే గాని ఇన్సులినునకు బదులు కాదు.

పొడపత్రి ఆకును నమలి, తరువాత చక్కెర నోట వేసికొన్నచో తీపి తెలియదు, ఇసుకవలె తోచును. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లములు నాలుకపై తీపిని గ్రహించు కణములను కొంతసేపు పనిచేయనీయవు. ఇది విద్యార్థులకు చక్కని వినోదము. కాని నాలుకకు తీపి తెలియకపోవుట వేఱు, రక్తములో తీపి తగ్గుట వేఱు. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది రోగులకు మామూలు మందులతో పాటు పొడపత్రి సారమును దీర్ఘకాలము ఇచ్చి, రక్తములో చక్కెర తగ్గినట్లు ప్రకటించిరి. సంఖ్య చిన్నది. దీనిపై గట్టి తీర్పు చెప్పుటకు ఇంతకంటె పెద్ద పరీక్షలు కావలెను.

వేగిస చెట్టు చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయము త్రాగుట ఒక పాత అలవాటు. ఈ చెట్టు సారమును భారత వైద్య పరిశోధన మండలి పలు కేంద్రములలో క్రొత్తగా రోగము కనబడిన 97 మందికి ఇచ్చి చూచెను. 1998లో ప్రకటించిన ఫలితముల ప్రకారము 12 వారములలో 67 మందికి చక్కెర అదుపులోనికి వచ్చినది. ఇది ఆశాజనకమే. కాని మందు పుచ్చుకొనని వారితో పోల్చి చూడని పరీక్ష యగుటచే, పథ్యము వలన ఎంత మేలు కలిగినదో, చెట్టు వలన ఎంత కలిగినదో విడదీయుట కష్టము.

నేరేడు విషయము మఱియొక పాఠము నేర్పును. బ్రెజిలు దేశమున నేరేడు ఆకుల తేనీరును జనులు విరివిగా త్రాగుదురు. అచటి శాస్త్రజ్ఞులు దానిని రోగులకిచ్చి, ఉత్తి మాత్రతో పోల్చి 2006లో ప్రకటించిన పరీక్షలో చక్కెర తగ్గలేదు. మన వాడుకలో ఉన్నవి గింజలు. కనుక ఆ ఫలితము గింజలకు వర్తించునని చెప్పరాదు. ఒకే చెట్టులో ఆకు, గింజ, బెరడు వేర్వేఱు పదార్థములు. మూలిక పేరు చెప్పిన చాలదు. ఏ భాగము, ఎంత మోతాదు, ఎట్లు తయారు చేసినది అను మూడును చెప్పవలెను.

రెండు మొక్కల కథ

మూలిక మందుగా మారు దారి ఎంత పొడవైనదో గలీగా అను మొక్క చరిత్ర చూపును. ఇది చిక్కుడు కుటుంబమునకు చెందిన ఊదాపూల మొక్క. ఐరోపా పల్లెలలో దాహము, అతిమూత్రము గల రోగులకు దీనిని ఇచ్చెడివారు. అయితే దీనిని మేసిన గొఱ్ఱెలు చచ్చుట కూడ కలదు. ఇందు గ్వానిడీను జాతి పదార్థములు ఉన్నట్లు తెలిసినది. 1918లో గ్వానిడీను జంతువుల రక్తములో చక్కెరను తగ్గించునని కనుగొనిరి. ఈ మొక్కలోని గలీజిను అను పదార్థమును 1920 తరువాతి దశాబ్దమున రోగులకిచ్చి చూచిరి. చక్కెర తగ్గినది. కాని అది విషము. అదే జాతికి చెందినదై, అంతకంటె మృదువైన మెట్ఫార్మిను 1922లో ప్రయోగశాలలో తయారైనను, మందుగా ఎవరును గుర్తింపలేదు. 1957లో ఫ్రాన్సు వైద్యుడు జీన్ స్టెర్న్ దానిని మధుమేహరోగులకిచ్చిన ఫలితములను ప్రకటించెను. ఇప్పుడు ప్రపంచమున మధుమేహమునకు అత్యధికముగా వాడు మాత్రలలో అది యొకటి. పల్లెటూరి మొక్క చూపిన దారి సరియైనదే. కాని ఆ దారిలో విషమును తొలగించుటకును, మోతాదు నిర్ణయించుటకును పెక్కు సంవత్సరములు పట్టినవి.

రెండవ కథ ఇంకను చిత్రమైనది. 1835లో ఆపిలు చెట్టు వేరు బెరడు నుండి ఫ్లోరిజిను అను చేదు పదార్థమును తీసిరి. చేదు గనుక జ్వరములకు పనికివచ్చునని తలచిరి. 1886లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫాన్ మేరింగ్, దీనిని తిన్నచో మూత్రములో చక్కెర పోవునని కనుగొనెను. మూత్రపిండపు గొట్టములలో చక్కెరను తిరిగి పీల్చు ద్వారములను ఇది మూసివేయును. నూఱేండ్లకు పైగా గడచిన తరువాత శాస్త్రజ్ఞులు దీనిని మార్చి గ్లిఫ్లోజినులను మాత్రలను తయారు చేసిరి. 2012 మొదలు ఇవి వాడుకలోనికి వచ్చినవి. ఇవి చక్కెరను కావలెననియే మూత్రములోనికి వదలును. అందుచేత మూత్రము కొంత ఎక్కువగును. అయినను 2015లోను, 2019లోను వెలువడిన పెద్ద పరీక్షలలో ఈ జాతి మాత్రలు గుండెకును, మూత్రపిండములకును రక్షణ కలిగించినట్లు రుజువైనది.

ఒక మొక్క చూపిన దారిలో మూత్రము తగ్గినది. వేఱొక మొక్క చూపిన దారిలో మూత్రము పెరిగినది. రెండును రోగికి మేలే చేసినవి. మూత్రమునకు లేచు మారులను లెక్కించి మందు మంచి చెడ్డలను నిర్ణయింపరాదని దీని వలన తెలియుచున్నది.

ప్రోస్టేటు గ్రంథి పెరిగినప్పుడు

చక్కెరతో సంబంధము లేని అతిమూత్రమునకు పై మూలికలు పనిచేయవు. ప్రోస్టేటు పెరిగినవారికి అమెరికాలో సా పామెట్టో అను పొట్టి తాటిజాతి చెట్టు పండ్ల సారమును విరివిగా వాడుదురు. 2006లో ప్రకటించిన పరీక్షలో 225 మంది పురుషులలో కొందఱికి దీనిని, కొందఱికి ఉత్తి మాత్రను ఒక సంవత్సరము ఇచ్చిరి. రెండు జట్లకును భేదము లేకపోయెను. 2011లో 369 మందిపై మూడు రెట్ల మోతాదు వఱకు పెంచి చూచినను అదియే ఫలితము. అయినను ఉత్తి మాత్ర వేసికొన్నవారిలో కూడ పెక్కుమంది తమకు గుణమిచ్చినదని చెప్పిరి. మందు తిన్నానను నమ్మకము కూడ కొంత ఉపశాంతి నిచ్చును. పొరుగువానికి గుణమిచ్చినదను మాట ఒక్కటే సాక్ష్యముగా చాలదనుటకు ఇదియే కారణము.

పొంచియున్న ముప్పు

పల్లేరు, కొండపిండి, అటికమామిడి మొదలగునవి మన వైద్యమున మూత్రమును జారీచేయు మూలికలుగా పేరొందినవి. కాళ్ళకు నీరు వచ్చినవారికై ఉద్దేశించిన వానిని, ఇదివఱకే అతిమూత్రముతో ఎండిపోవుచున్న వానికి ఇచ్చుట తలక్రిందుల వైద్యము. మూత్రపిండములు చెడిన రోగి పొటాసియమును బయటకు పంపజాలడు. పొటాసియము అధికముగా గల ఆకురసములు అతని గుండె కొట్టుకొనుటను తప్పించగలవు.

ఇంతకంటె ఘోరమైన ఉదాహరణము బెల్జియము దేశమున జరిగినది. బరువు తగ్గుటకై చీనా మూలికలు పుచ్చుకొన్న స్త్రీల మూత్రపిండములు పాడైనట్లు 1993లో అచటి వైద్యులు ప్రకటించిరి. క్రమముగా నూఱుమందికి పైగా ఇట్లు బాధపడినట్లు తెలిసినది. వారి మందులో అరిస్టొలోకియా ప్రజాతి మొక్క చేరియుండెను. మన అడవులలోని ఈశ్వరవేరు తీగ కూడ ఆ ప్రజాతికి చెందినదే. మూలికల పొడియని అమ్మిన కొన్ని పొట్లములలో చక్కెరను తగ్గించు మాత్రల పొడి కలిపినట్లు వేర్వేఱు దేశములలో బయటపడినది. అట్టి పొడిని తన మాత్రలతో పాటు పుచ్చుకొన్న రోగికి చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును.

అన్నిటికంటె ఎక్కువమందికి కలుగు ముప్పు మఱియొకటి కలదు. రక్తములో చక్కెర 300 నుండి 170కి దిగినదనుకొందము. 180 హద్దు దాటలేదు కనుక మూత్రములో చక్కెర పోదు. దాహము తగ్గును. రాత్రి హాయిగా నిద్రపట్టును. రోగము నయమైనదని తలచి రోగి మాత్రలు మానును. కాని పరగడుపున 170 అనునది ఆరోగ్యము కాదు. ఆ చక్కెరయే ఏండ్ల తరబడి కంటిపొరను, నరములను, మూత్రపిండములను నెమ్మదిగా తినివేయును. గుర్తు మాయమైనది గాని రోగము మాయము కాలేదు. వయసు మీరినవారిలో ఆ 180 హద్దు ఇంకను పైకి పోవుటచే గుర్తు మఱింత ఆలస్యముగా కనబడును. తుదకు మూత్రపిండములే చెడినచో మూత్రము తనంతట తానే తగ్గిపోవచ్చును. అప్పుడు మూలిక పనిచేసినదని సంతోషించుట ఎంత దారుణమో చెప్పనక్కఱలేదు.

తరగతిలో చేయదగినది

ఉన్నత పాఠశాలలో బెనెడిక్టు ద్రావణము దొరకును. ఉపాధ్యాయుడు మూడు పరీక్షనాళికలలో మంచినీరు, పలుచని గ్లూకోజు నీరు, చిక్కని గ్లూకోజు నీరు తీసికొని, ఒక్కొక్క దానికి బెనెడిక్టు ద్రావణమును చేర్చి వేడిచేయవచ్చును. మొదటిది నీలముగనే ఉండును. రెండవది ఆకుపచ్చ లేక పసుపు రంగునకు మారును. మూడవది ఇటుకరంగు నొందును. ఒకప్పుడు మధుమేహరోగుల మూత్రమును ఈ పద్ధతితోనే పరీక్షించెడివారు. ఆ తరువాత విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవలెను: రక్తములో చక్కెర 170 ఉన్నవాని మూత్రము ఏ రంగు చూపును? నీలమే చూపును. ఇందుచేతనే వైద్యులు మూత్రముతో తృప్తిపడక రక్తమును పరీక్షింతురు. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు రక్తపరీక్ష కూడ ఇప్పుడు కలదు.

మొదట చెప్పిన వృద్ధుని బంధువులు ముందుగా అతనికి మూడు దినముల పట్టిక వ్రాసిపెట్టి, రక్తపరీక్ష చేయించి, ఆ రెండింటితో వైద్యుని దగ్గఱకు తీసికొనిపోవలెను. అతడు ఏ మూలికనైనను వాడుచున్నచో దాచక దాని పేరు, మోతాదు చెప్పవలెను. మెంతులు పథ్యములో చేరవచ్చును. పొడపత్రి, నేరేడు విషయము వైద్యుని ఎదుట తేల్చుకొనవచ్చును. మాత్రలను మాత్రము వైద్యుడు చెప్పక మానరాదు.